వాలంటీర్లు నడిపే వారసత్వ రైలుమార్గానికి నిధులు సమకూర్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

వేల్స్‌లో పలకరాయి రవాణా కోసం 1860లలో వేసిన టాలిలిన్ రైలుమార్గం, 1950లో దాని యజమాని మరణించడంతో మూతపడే స్థితికి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో కొందరు అభిమానులు సమావేశమై ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1951 మే 14న ఆ సంఘం ఆధ్వర్యంలో తొలి రైలు కదిలింది. వాలంటీర్లు ఒక పాత రైలుమార్గాన్ని కాపాడి నడపడం ప్రపంచంలో అదే మొదలు. తరవాత 1960లో మిడిల్టన్, బ్లూబెల్ మార్గాలు అదే దారి పట్టాయి. ఇవాళ ఒక్క బ్రిటన్‌లోనే ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి.

ఈ మార్గాలన్నింటినీ వేధించే ఆర్థిక సమస్యకు మూలం ఒక్కటే. దాతలకు కనిపించేది ఇంజను, ఖర్చు ఎక్కువగా దాగి ఉండేది పట్టాల కింది మట్టికట్టలోనూ, నీరు పోయే కల్వర్టులోనూ. రంగు వేసి మెరిపించిన ఇంజను కోసం విజ్ఞప్తి చేస్తే విరాళాలు వస్తాయి, మురుగుకాలువ మరమ్మతు కోసం అడిగితే రావు. రైళ్లను ఆపేది మాత్రం తరచుగా ఆ మురుగుకాలువే. అందుచేత ఈ మార్గదర్శి విరాళాల సేకరణతో మొదలుకాదు. ముందు ఖర్చుల అసలు రూపాన్ని తేల్చుకుని, తరవాత ఒక్కొక్క ఖర్చుకు తగిన రకం డబ్బును వెతుక్కునే క్రమంలో సాగుతుంది. ఈ ఉద్యమం పుట్టిన దేశం కాబట్టి ఇందులోని నియమాలూ ద్రవ్యమూ బ్రిటన్‌వి.

మొదటి మెట్టు: అరుగుదలను లెక్కగట్టడం

సంఘం దగ్గర ఆస్తుల జాబితా ఉండే ఉంటుంది. కావలసింది దానితోపాటు అరుగుదల జాబితా. ప్రతి వంతెన, కల్వర్టు, కోత (గుట్టను తవ్వి పట్టాలు వేసిన పల్లపు దారి), కట్ట, సిగ్నలు, షెడ్డు, రైలుపెట్టె పేరు ఎదుట మూడు అంశాలు రాయాలి: చివరిసారి ఎవరు ఎప్పుడు పరిశీలించారు, ఇంకా ఎన్నేళ్లు పనికొస్తుంది, మార్చడానికి ఈనాటి ధరల్లో ఎంతవుతుంది. మూడో అంశానికి పాత బిల్లులను నమ్ముకోకూడదు. కొత్తగా కొటేషన్లు తెప్పించుకోవాలి.

పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెల, అంటే స్లీపర్ల సంగతే చూడండి. అరవై అడుగుల పట్టా కింద 24 స్లీపర్లు పరిచే మార్గంలో మైలుకు 2,112 పడతాయి. పది మైళ్ల మార్గానికి 21,120 అన్నమాట. మెత్తని కలపతో చేసిన స్లీపరు పాతికేళ్లు మన్నుతుందని అనుకుంటే, మార్గం ఇప్పుడున్న స్థితిలో ఉండటానికే ఏటా దాదాపు 845 మార్చాలి. శీతాకాలంలో వాలంటీర్ల బృందం కష్టపడి 400 మార్చి సంతృప్తిగా ఇంటికి వెళ్లినా, ఆ ఏడాది 445 స్లీపర్ల బాకీ మిగిలిపోతుంది. అయిదేళ్లలో ఆ బాకీ ఒక మైలును దాటుతుంది. ఈ బాకీ ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించదు. పట్టాల మధ్య ఎడం పెరిగి, ఇన్‌స్పెక్టరు వేగం తగ్గించమన్ననాడే బయటపడుతుంది. కాబట్టి వార్షిక నివేదికలో లాభనష్టాల పక్కనే ఈ సంఖ్యను కూడా అచ్చువేయాలని గట్టిగా సూచిస్తాను. మిగులు చూపించిన సంవత్సరం నిజంగా మిగులు సంవత్సరమేనా అన్నది సభ్యులకు తెలిసే మార్గం ఇదొక్కటే.

కట్టలూ కోతలూ ఇంతకన్నా ప్రమాదకరమైనవి, ఎందుకంటే అవి ఏటా కొంచెం కొంచెంగా ఖర్చు అడగవు. 2007 జూన్ నాటి తుపాను వర్షాలకు సెవర్న్ వ్యాలీ మార్గం అనేక చోట్ల కొట్టుకుపోయింది. పూర్తి మార్గం మళ్లీ తెరుచుకోవడానికి 2008 మార్చి దాకా పట్టింది, మరమ్మతులకు లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. గ్లాస్టర్‌షైర్ వారిక్‌షైర్ మార్గంలో 2010లోనూ 2011 ఆరంభంలోనూ రెండు చోట్ల కట్ట జారిపోయింది. విక్టోరియా కాలంలో మట్టిని బండ్లతో పోసి, ఇప్పటి పద్ధతిలో అదిమి గట్టిచేయకుండా వదిలేసిన కట్టలు ఇవి. పైన కురిసిన నీరు పక్కకు పోయే దారి మూసుకుపోతే ఆ మట్టి నీటిని పీల్చుకుని బరువెక్కి జారుతుంది. అంటే ఏటా కాలువల పూడిక తీయడానికి అయ్యే చిన్న ఖర్చే ఈ పెద్ద ఖర్చుకు అడ్డుకట్ట. బడ్జెట్ కోయవలసి వచ్చినప్పుడు మొదట తెగేది ఆ పూడికతీత పద్దే కావడం అన్యాయం. దాన్ని కోయడానికి వీల్లేని పద్దుగా కమిటీ తీర్మానం చేసుకోవాలి.

రెండో మెట్టు: బాయిలర్ గడువుకు ముందే డబ్బు దాచడం

బ్రిటన్‌లో ఆవిరి ఇంజను బాయిలర్‌ను వాడుకగా పదేళ్లకోసారి పూర్తిగా విప్పి చూస్తారు. గొట్టాలన్నీ బయటికి లాగుతారు. అగ్నిపేటికను (బొగ్గు మండే పెట్టెను) బయటి గోడతో కలిపి పట్టి ఉంచే వందలాది కడ్డీలను (స్టేలను) పరిశీలించే మనిషి ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టుతూ పోతాడు. గట్టిగా ఉన్నది ఖణేల్‌మంటుంది, విరిగినది బొంగురుగా పలుకుతుంది. అలా ఎన్ని బొంగురుగా పలికాయన్నదాన్ని బట్టి బిల్లు వేల పౌండ్లలో ఆగుతుందా లక్షల్లోకి వెళుతుందా అన్నది తేలుతుంది. విప్పేదాకా ఖచ్చితమైన అంచనా ఎవరూ ఇవ్వలేరు. అందుకే అనుకోని పనుల కోసం అంచనాలో ఉదారంగా అదనపు మొత్తం ఉంచుకోవాలి.

లెక్క ఇలా వేయండి. ఒక పెద్ద ఇంజనును ఇలా విప్పి బాగుచేయడానికి, అంటే ఓవర్‌హాల్‌కు ఈనాటి ధరల్లో 5 లక్షల పౌండ్లు అవుతుందని అనుకుందాం. ధరలు ఏటా 4 శాతం పెరిగితే పదేళ్ల తరవాత అదే పనికి దాదాపు 7.4 లక్షలు కావాలి. ఏటా 74,000 పౌండ్లు పక్కన పెట్టాలి. ఇంజను ఏడాదికి వంద రోజులు నడిస్తే, పొయ్యి వెలిగించక ముందే రోజుకు 740 పౌండ్లు ఆ ఇంజను పేరిట ఖర్చు పడినట్టు. ఆ రోజు 400 మంది ఎక్కితే ఒక్కొక్కరి టికెట్టులో 1.85 పౌండ్లు బాయిలర్‌వే. రాయితీ టికెట్లు ప్రకటించే ముందు, ప్రయాణికులు పలచగా ఉండే రోజున పెద్ద ఇంజనును బయటికి తీయాలని నిర్ణయించే ముందు ఈ అంకె కమిటీ కళ్లెదుట ఉండాలి.

ఇలా దాచిన నిధిని ప్రత్యేక ఖాతాలో ఉంచి, దాన్నుంచి జీతాలకో బొగ్గుకో బదులు తీసుకోవాలంటే సర్వసభ్య సమావేశానికి తెలియజేయాలన్న నియమం పెట్టుకోవడం మేలు. ఇంజను వేరే యాజమాన్య బృందానిదైతే, అద్దె ఒప్పందంలోనే ఓవర్‌హాల్ బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాసుకోవాలి.

మూడో మెట్టు: ఏ ఆస్తి ఎవరి చేతిలో ఉండాలో తేల్చడం

రైళ్లు నడపడం వ్యాపారం, వారసత్వాన్ని కాపాడటం ధర్మకార్యం. ఈ రెంటినీ ఒకే సంస్థలో కలిపేస్తే వ్యాపారంలో వచ్చిన నష్టం వారసత్వాన్ని మింగేస్తుంది. చాలా సంఘాలు నేల, ఇంజన్లు, పాత పెట్టెలను ధర్మాదాయ ట్రస్టు పేరిట ఉంచి, రైళ్లు, దుకాణం, ఫలహారశాల నడిపే పనిని దాని కింద ఒక కంపెనీకి అప్పగిస్తాయి. వేల్స్‌లోని లాంగోలెన్ మార్గంలో రైళ్లు నడిపిన కంపెనీ 2021 మార్చిలో అప్పుల కారణంగా రిసీవర్ల (బాకీల వసూలుకు నియమితులైనవారి) చేతికి వెళ్లింది. అయినా మార్గం అంతం కాలేదు. ట్రస్టు బాధ్యత తీసుకుని అదే ఏడాది రైళ్లను తిరిగి నడిపింది, 2023లో కోర్వెన్ వరకు ప్రయాణికులను చేర్చింది. కంపెనీ పడిపోయినా నిలబడి బాధ్యత అందుకునే సంస్థ ఒకటి ఉండటం ఎంత అవసరమో ఆ ఉదంతం చూపిస్తుంది.

నేల యాజమాన్యం కూడా ఇక్కడే ఆలోచించాలి. ఇంగ్లండ్‌లో వెస్ట్ సోమర్‌సెట్ మార్గం కింద ఉన్న భూమి స్థానిక కౌన్సిల్‌ది. అమెరికాలో కంబ్రెస్ అండ్ టోల్టెక్ మార్గాన్ని 1970లో కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాలు కలిసి కొన్నాయి. ఆస్ట్రేలియాలోని పఫింగ్ బిల్లీకి 1977 నాటి చట్టంతో ఒక ప్రభుత్వ బోర్డు ఏర్పడింది. ప్రభుత్వం భూస్వామిగా ఉంటే పెద్ద నిర్మాణాల భారం పంచుకునే అవకాశం ఉంటుంది కానీ నిర్ణయాల్లో స్వేచ్ఛ తగ్గుతుంది. లీజు మీద ఉన్నవారు గమనించవలసింది మరొకటి ఉంది. పెద్ద గ్రాంట్లు ఇచ్చేవారు, తాము డబ్బు పెట్టిన ఆస్తి చాలా ఏళ్లపాటు సంఘం చేతిలోనే ఉంటుందన్న హామీ కోరతారు. లీజులో మిగిలిన కాలం తక్కువగా ఉంటే దరఖాస్తు పెట్టక ముందే పొడిగించుకోవాలి.

నాలుగో మెట్టు: నడిపే ఖర్చు టికెట్ల నుంచే రాబట్టడం

సిబ్బంది జీతాలు, బీమా, బొగ్గు, విద్యుత్తు, భద్రతా పరిశీలనల వంటి ప్రతి ఏటి ఖర్చులు ప్రతి ఏటి ఆదాయంలోంచే రావాలి. విరాళాలతో నడిపే ఖర్చును పూడ్చడం మొదలుపెట్టిన సంఘం తన రేపటి పట్టాలను ఇవాళ పొయ్యిలో వేస్తున్నట్టే.

బొగ్గు ఇప్పుడు ప్రత్యేక సమస్య. వేల్స్‌లోని ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023 నవంబరులో తవ్వకం ఆపేశాక, ఈ మార్గాలు ఎక్కువగా దిగుమతి బొగ్గు మీద, కృత్రిమంగా అచ్చుపోసిన ఇంధనపు ముద్దల మీద ఆధారపడవలసి వచ్చింది. ఒక్కొక్క సంఘం విడిగా కొనడం కన్నా కొన్ని కలిసి ఓడ లెక్కన కొనడం లాభం. కొత్త రకం ఇంధనాన్ని ఏకంగా ఏడాది సరుకు కొనేముందు మీ ఇంజన్లలో పరీక్షించండి, ఎందుకంటే ధర తక్కువైనా ఎక్కువ మండిపోయేదైతే, కొలిమి కమ్మీలను పాడుచేసేదైతే మిగిలేది ఏమీ ఉండదు.

ఆదాయం ఏడాది పొడుగునా సమంగా రాదు. వేసవి సెలవులూ, డిసెంబరులో పిల్లల కోసం నడిపే శాంటా రైళ్లూ చాలా మార్గాలకు ప్రాణం. జనవరి నుంచి మార్చి వరకు ఆదాయం దాదాపు ఉండదు, పట్టాల పనులు, ఇంజన్ల మరమ్మతులు జరిగేది మాత్రం అప్పుడే. అందుచేత వార్షిక బడ్జెట్ ఒక్కటే చాలదు; నెలనెలా ఎంత వస్తుంది, ఎంత పోతుంది, నెలాఖరుకు బ్యాంకులో ఎంత ఉంటుంది అన్న పట్టికను పద్దెనిమిది నెలలు ముందుకు వేసుకోవాలి. శాంటా టికెట్లకు శరదృతువులోనే ముందుగా వచ్చే డబ్బు ఆ పట్టికలో భారీగా కనిపిస్తుంది. ఆ రైలు నడిచేదాకా అది మీది కాదు, రైలు రద్దయితే తిరిగి ఇవ్వవలసినదే.

అయిదో మెట్టు: పనికి తగిన రకం డబ్బును ఎంచుకోవడం

కోశాధికారి నైపుణ్యం బయటపడేది ఈ మెట్టులోనే. ప్రతి రకం డబ్బుకూ ఒక స్వభావం ఉంది, అది ఏ పనికి పనికొస్తుందో ఆ పనికే వాడాలి.

నెలవారీ చిన్న విరాళం అన్నింటికన్నా విలువైనదని నా అభిప్రాయం. పెప్పర్‌కార్న్ ఎ1 తరగతి ఇంజన్లు నలభై తొమ్మిదీ తుక్కు కింద పోయాక, ఒక్కటి కూడా మిగలని ఆ తరగతిలో కొత్త ఇంజనును మొదటి నుంచి తయారు చేయాలని 1990లో ఒక ట్రస్టు పూనుకుంది. వారానికి ఒక పైంటు బీరు ఖరీదు ఇవ్వమని వారు అడిగారు. ఆ పద్ధతిలో వేలాది మంది ఏళ్ల తరబడి ఇస్తూ పోవడం వల్ల, వాటికి పారిశ్రామిక సంస్థల సాయమూ బాండ్లూ తోడవడం వల్ల, దాదాపు 30 లక్షల పౌండ్ల వ్యయంతో డార్లింగ్టన్‌లో టోర్నడో అనే ఆ ఇంజను తయారై 2008లో పట్టాలెక్కింది. బాయిలర్ జర్మనీలోని మైనింగెన్‌లో చేయించారు. ఈ విజయంలో గమనించవలసినది అడిగిన తీరు. దాతకు భారం కాని మొత్తం, ఆగకుండా వచ్చే క్రమం, కళ్లముందు ఎదిగే పని, ఈ మూడూ అందులో ఉన్నాయి. మీ మార్గంలో ఇదే పద్ధతిని ఇంజనుకు బదులు పట్టాలకు వర్తింపజేయవచ్చు. ఒక దాత నెలనెలా ఇచ్చే సొమ్ముతో ఏడాదికి ఎన్ని స్లీపర్లు మారతాయో లెక్కగట్టి, ఎక్కడ వేశారో మైలురాయి సంఖ్యతో సహా అతనికి తెలియజేయాలి.

అందవికారమైన పనికి కూడా జనం ఇస్తారనడానికి బ్లూబెల్ సాక్ష్యం. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వైపు విస్తరణకు అడ్డంగా ఇంబర్‌హార్న్ కోత ఇళ్ల చెత్తతో నిండిపోయి ఉంది. పట్టాలు మూసేశాక దాన్ని చెత్తకుప్పగా వాడుకున్నారు. ఆ చెత్తను తవ్వి చాలా భాగాన్ని రైళ్లలోనే తరలించారు, 2013 మార్చిలో రైళ్లు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ చేరాయి. చెత్త తీయడానికి పది పౌండ్ల నోటు ఇమ్మని సూటిగా అడిగిన ఆ విజ్ఞప్తికి మంచి స్పందన వచ్చింది. పని ఎందుకు అవసరమో, ఒక్కొక్క నోటుతో ఏం జరుగుతుందో చెబితే కల్వర్టుకు కూడా డబ్బు వస్తుంది.

విజ్ఞప్తి పత్రం రాసేటప్పుడు ఒక వాక్యం మరవకూడదు. ఫలానా ఇంజను కోసమని సేకరించిన డబ్బును చట్టప్రకారం దానికే వాడాలి. అది నిర్దేశిత నిధి. బ్యాంకులో లక్షలు కనిపిస్తూ ఉండగా వంతెన మరమ్మతుకు పైసా లేని దుస్థితి ఇలాగే వస్తుంది. కనుక ప్రతి విజ్ఞప్తిలోనూ "లక్ష్యం కన్నా ఎక్కువ వచ్చినా, పని సాధ్యం కాకపోయినా ఈ నిధిని మార్గం సాధారణ అవసరాలకు వినియోగిస్తాము" అన్న అర్థం వచ్చే వాక్యాన్ని న్యాయసలహాతో చేర్చాలి. సేకరణ అయిపోయాక చేర్చడానికి వీలుండదు.

బ్రిటన్‌లో పన్ను చెల్లించే దాత గిఫ్ట్ ఎయిడ్ ప్రకటన మీద సంతకం చేస్తే అతని ప్రతి పౌండుకూ ధర్మాదాయ సంస్థ మరో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చు. మామూలు టికెట్టు, వాటా (షేరు) కొనుగోలు విరాళాలు కావు, వాటికి ఇది వర్తించదు. విరాళం పత్రంలో సంతకం గడి లేకపోవడం, చిరునామా సరిగా తీసుకోకపోవడం వంటి చిన్న లోపాల వల్ల ఈ సొమ్ము పోగొట్టుకోవడం క్షమించరానిది. ఒక వాలంటీరుకు ఇదే పని అప్పగించండి.

వాటాల జారీ పెద్ద మూలధన పనులకు, ముఖ్యంగా విస్తరణకు పనికొస్తుంది. సెవర్న్ వ్యాలీ, గ్లాస్టర్‌షైర్ వారిక్‌షైర్ వంటి మార్గాలు ఈ విధంగా నిధులు సమకూర్చుకున్నాయి. కొనేవారు డివిడెండు ఆశించరు, ప్రయాణ సౌకర్యమూ యాజమాన్య గౌరవమూ చాలనుకుంటారు. అయినా అది పెట్టుబడే కాబట్టి, డబ్బు తిరిగి రాకపోవచ్చని పెద్ద అక్షరాలతో చెప్పి తీరాలి.

వీలునామా ద్వారా వచ్చే ఆస్తి ఎప్పుడు వస్తుందో చెప్పలేము, వచ్చినప్పుడు మాత్రం ఒక బాయిలర్‌నో ఒక వంతెననో నిలబెట్టగలదు. ధర్మాదాయ సంస్థకు రాసిన భాగంపై వారసత్వపు పన్ను ఉండదు. పన్ను పడే ఆస్తిలో కనీసం పదో వంతు అలా రాస్తే మిగిలిన దానిపై పన్ను రేటు 40 నుంచి 36 శాతానికి తగ్గుతుంది. ఈ విషయం చాలామంది సభ్యులకు తెలియదు. సభ్యత్వం పునరుద్ధరించే ఉత్తరంతోపాటు, మర్యాదగా, ఒత్తిడి లేకుండా ఒక పేజీలో తెలియజేస్తే సరిపోతుంది. ఇలా వచ్చిన సొమ్మును నడిపే ఖర్చులకు వాడకూడదు.

ఆరో మెట్టు: గ్రాంట్లకు దరఖాస్తు

నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ 10,000 పౌండ్ల నుంచి కోటి పౌండ్ల వరకు గ్రాంట్లు ఇస్తుంది. అది చూసేది రైలుకు ఏం కావాలన్నది మాత్రమే కాదు, ఆ డబ్బు వల్ల ప్రజలకు ఏం ఒనగూరుతుందన్నది కూడా. "మా బాయిలర్ పాడైంది" అన్న దరఖాస్తు నెగ్గదు. అదే బాయిలర్ పనిలో యువతకు రివెట్ల పని నేర్పే శిక్షణ, వికలాంగులు ఎక్కడానికి వీలైన పెట్టె, పాఠశాలల కార్యక్రమం కలిసి ఉంటే వినిపిస్తుంది. అలాగని గ్రాంటు కోసం లేనిపోని కార్యక్రమాలు తగిలించుకుంటే, గడువు ముగిశాక వాటిని నడిపే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

చాలా గ్రాంట్లకు సంఘం ఖర్చులో తన వంతు చూపించాలి. వాలంటీర్ల శ్రమకు వెల కట్టి దరఖాస్తులో చూపించుకునే అవకాశం ఉంది కాబట్టి, ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారో రాసే పుస్తకం ఇవాళే మొదలుపెట్టండి. పాత గంటలను జ్ఞాపకం మీద రాస్తే ఎవరూ ఒప్పుకోరు. పని జరిగాక బిల్లులు చూసి విడతలుగా చెల్లించే గ్రాంట్లలో, డబ్బు చేతికి వచ్చేలోపు గుత్తేదారుకు చెల్లించడానికి నగదు కావాలి. గ్రాంటు మంజూరై కూడా చెల్లింపులకు ఇబ్బంది పడే సంఘాలు ఈ అంతరాన్ని లెక్కలోకి తీసుకోనివే.

ఏడో మెట్టు: వాలంటీర్లను నిధుల లెక్కలో చేర్చడం

పదవీ విరమణ చేసిన ఒక నైపుణ్యమున్న ఫిట్టరు వర్క్‌షాపు నుంచి తప్పుకుంటే అతని స్థానంలో జీతగాణ్ని పెట్టక తప్పదు. అంటే వాలంటీర్ల కొరత కొన్నేళ్లలో జీతాల పద్దుగా మారుతుంది. పాత బ్రిటిష్ రైల్వేలో స్వయంగా ఆవిరి ఇంజను నడిపిన తరం దాదాపు వెళ్లిపోయింది. అక్కడి ప్రధాన మార్గాల్లో ఆవిరి 1968లోనే ముగిసింది. వారసుల తయారీకి ఒక అడ్డంకి చట్టమే. 1920 నాటి చట్టమొకటి నిర్బంధ పాఠశాల వయసులోని పిల్లలను రైల్వే వంటి పరిశ్రమల్లో పని చేయనివ్వదు, అది వాలంటీర్లకూ వర్తిస్తుందన్నది ఈ రంగంలో నెలకొన్న అవగాహన. ఆ వయసు దాటగానే యువతను తీసుకోవడానికి శిక్షకుడి సమయం, భద్రతా బూట్లు, ప్రయాణ ఖర్చు, రాత్రి బస వంటివి బడ్జెట్‌లో ఉండాలి. ఈ పద్దును దయాధర్మంగా చూడవద్దు. భవిష్యత్తు జీతాల బిల్లును తగ్గించే ఖర్చు ఇది.

ఎనిమిదో మెట్టు: నిల్వ, ఆ తరవాతే విస్తరణ

కనీసం ఒక చలికాలమంతా రైళ్లు నడవకపోయినా జీతాలు, బీమా, భద్రతా పరిశీలనలు ఆగకుండా చూసేంత నిల్వ ఉండాలి. 2020లో మహమ్మారి వచ్చి రైళ్లు ఆగిపోయినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం సంస్కృతి రంగానికి ప్రకటించిన 157 కోట్ల పౌండ్ల సహాయ ప్యాకేజీ నుంచి కొన్ని వారసత్వ మార్గాలకు కూడా ఊరట దక్కింది. అలాంటి సాయం మళ్లీ వస్తుందని లెక్క వేసుకోకూడదు.

విస్తరణ ప్రతిపాదన వచ్చినప్పుడు కమిటీ మూడు కాగితాలు అడగాలి. కొత్త మైళ్లకు ఏటా ఎన్ని స్లీపర్లు, ఎన్ని కల్వర్టుల పరిశీలనలు అదనమవుతాయో తెలిపే అరుగుదల పట్టిక ఒకటి. ఎక్కువ దూరం వల్ల ఒక రోజులో తిప్పగలిగే ట్రిప్పులు తగ్గితే ఆదాయం ఏమవుతుందో చూపే లెక్క రెండోది. ఇప్పుడున్న మార్గంలో బాకీ ఉన్న పనుల జాబితా మూడోది. చివరి జాబితా పొడవుగా ఉంటే విస్తరణను వాయిదా వేయమని చెప్పడానికి కమిటీ అధ్యక్షుడు వెనుకాడకూడదు. ఉత్సాహంగా ఉన్న సభ్యులకు ఆ మాట కష్టంగా తోస్తుంది. అందుకే నిరాకరణతోపాటు, ఏ ఏ పనులు పూర్తయి ఎంత నిల్వ చేరితే ప్రతిపాదనను మళ్లీ చర్చకు తీసుకుంటారో రాతపూర్వకంగా ఇచ్చి, ఆరు నెలలకోసారి ఆ జాబితా ఎంత తరిగిందో సభ్యులకు పంపాలి.